చెంద్రి, ఎ-ఫోర్ సైజు

చిత్తూరు సంతపేటలో, పంచర్ షాపు మీది
రేకుల గదిలో నేను పని నేర్చుకున్నాను.
కరెంటు పోతే యూపీఎస్ కోడిపిల్ల మాదిరి అరిచేది.
"సేవ్ చెయ్ మే, సేవ్ చెయ్" అని
దేశప్పన్న దానికంటే గట్టిగా.

మొదటి రోజు చేతికి మౌసు ఇయ్యలేదాయన.
తెల్లకాయితం ఒకటిచ్చి పట్టుకోమన్నాడు.
పట్టుకున్నాను.
"నీ బొటనవేలు యాడుందో చూడు.
అంత మేర ఏమీ రాయకూడదు.
మార్జిన్ అంటే అదే.
చదివేవాడి వేలికి ఏసిన పీట."

గట్టర్ సంగతి పాత పంచాంగం విప్పి చూపించాడు:
కుట్టు మింగేసిన తిథులు,
రాహుకాలం ఎప్పుడో తెలీని ఒక బుధవారం.
"నడిమధ్య ఇంకొంచెం వదలాల. దారానికీ ఆకలుంటాది."

ఇక లైన్ల మధ్య ఎడం.
సాఫ్ట్‌వేర్ సీమది. దాని లెక్కలో
అక్షరాలన్నీ బోడితలలతో, ఒట్టి కాళ్ళతో
బల్ల మీద వరసగా కూచుంటాయి.
మనవి అట్లా కాదే.
నెత్తిన గుడి, కింద వత్తు, వత్తుకింద ఇంకో వత్తు,
పెండ్లికి బయల్దేరిన ఆడోళ్ళ మాదిరి నిండుగా వస్తాయి.
"ఆటో" అని వదిలేస్తే షేరాటోనే,
పైవాళ్ళ కాళ్ళు కిందోళ్ళ కొప్పుల్లో.
"పన్నెండుకు పద్దెనిమిది పెట్టు. ఊపిరాడనీ."

ఆ వారమే వచ్చింది కుప్పమ్మ, యాదమరి కాడ్నించి,
కొంగుముడిలో ఒక ఫోటో.
లోను కోసం తీసింది. చెవికి పసుప్పచ్చ బిళ్ళ,
పక్కన బ్యాంకాయన మోచెయ్యి.
"జెర్సీ ఆవు. మూడు దినాలాయ. వంద కాయితాలు కొట్టియ్యండి."

నేను నేర్చిందంతా ఒకే పేజీలో పెట్టేశాను:
"తప్పిపోయినది" ముప్పైయారులో, బోల్డు,
చుట్టూ పెండ్లిపత్రికల తీగ బార్డరు,
నాలుగు రకాల ఫాంట్లు,
మూలకొక పువ్వు, ఊరికే వచ్చింది కదా అని.
మోచెయ్యి కత్తిరిస్తే ఆవుకు ఒక చెవి పోయింది.

దేశప్పన్న ఒక్కొక్కటే తీసేశాడు.
పువ్వు. బార్డరు. మూడు ఫాంట్లు.
చెవి మళ్ళీ తెచ్చిపెట్టాడు, మోచెయ్యితో సహా.
"బస్టాండు గోడ. బస్సు కదుల్తా ఉండాది.
కిటికీలో వాడికి రెండే సెకండ్లు. ఏం చదువుతాడు?"
"తప్పిపోయినది."
"ఏమి?"
"ఆవు."
"ఆవు ఫోటోలోనే ఉండాది కదా."

అప్పుడు స్టూలు మీదనుంచి కుప్పమ్మ,
ఒక్క అచ్చరమూ రాని కుప్పమ్మ:
"పేరు పెద్దగా ఏయండి సామీ. చెంద్రి.
తప్పిపోయినట్టు దానికి తెలీదు కదా.
ఎవురన్నా పేరుపెట్టి పిలిస్తే పలుకుతాది."

డెబ్బైరెండులో చెంద్రి.
కింద ఒక ఫోన్ నెంబరు, అంగడాయనది.
సగం పేజీ ఖాళీ.
ఖాళీ కూడా పని చేస్తుందని
దేశప్పన్న అదివరకే చెప్పినాడు గానీ
నాకు కనిపించింది ఆపొద్దే:
ఆ తెలుపంతా ఆవు లేని కొట్టం.

ప్రూఫులో బాక్సు కురచై క్రావడి తెగింది.
చెంది.
ఎర్రపెన్నుతో సున్న చుట్టి
"ఆవుకు కాలు విరగ్గొట్టినావే" అన్నాడు.
కుప్పమ్మ దిగ్గున లేచింది, నిజమనుకుని.

దొరికిందా అంటే, తెలీదు.
కాయితాల కట్ట, మైదాపిండి డబ్బా చంకనబెట్టుకుని
బస్సెక్కింది. అంతే.
దొరికినోళ్ళు చెప్పడానికి డీటీపీ సెంటరుకు రారు,
దొరకనోళ్ళూ రారు.

ఇప్పుడు ఆ కుర్చీ నాది. రేకులు పోయి స్లాబొచ్చింది.
మొన్న పాత డిస్కు శుభ్రం చేస్తా
మా పిల్ల పవిత్ర ఒక ఫైలు తెరిచింది:
కుప్పమ్మ ఫైనల్ నాలుగు.
పేజీ సగంలో డాలరు గుర్తులు, కొక్కేలు, ఇంగ్లీషు తోకలు,
ఇంతింత లావున.
"ఏందక్కా ఇది, వైరసా? తీసేద్దునా?"

"ఆవు మే అది.
పాత ఫాంటు పెట్టి పిలువు."